మంచం మీది మనిషిని సర్టిఫికెట్ కోసం ఎలా తీసుకెళ్లాలి?

ప్రశ్న: మాది రాజోలు వైపు లంక గ్రామం. మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అన్నీ మంచం మీదే. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. పింఛను సంగతి ఆసుపత్రిలో అడిగితే సచివాలయానికి వెళ్లమన్నారు. అక్కడ సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి ఇచ్చేది) తెమ్మన్నారు. దానికి మనిషిని తీసుకురావాలట. పడవ మీద ఎలా తీసుకెళ్లను? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదండీ.
– ఒక కోడలు

జవాబు: ఇన్ని గుమ్మాలు మీరొక్కరే ఎక్కొద్దు తల్లీ. ముందు మీ ఊరి నర్సమ్మని, అదే ఏఎన్ఎమ్‌ని పట్టుకోండి. లంకల్లో ఆ ఉద్యోగం చేసి రిటైరైన దాన్ని, తెలిసే చెబుతున్నాను. ఆసుపత్రివాళ్లకి మీ సచివాలయం తెలీదు, సచివాలయంవాళ్లకి ఆవిడ జబ్బు తెలీదు. రెండూ తెలిసింది ఏఎన్ఎమ్‌కే.

104 బండితో ఊళ్లోకి వచ్చే డాక్టరు మంచం పట్టినవాళ్లని ఇంటికొచ్చి చూడాలి. ఈసారి మీ ఇంటికి రమ్మని ఏఎన్ఎమ్ చేత చెప్పించండి. డిశ్చార్జి కాగితం ముందుంచి, మనిషి లేవలేని స్థితిలో ఉందని రాయించుకోండి. ఎందుకంటే 2024 నుంచి మామూలు వికలాంగ పింఛను 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000. కాగితంలో ఆ ముక్క లేకపోతే తక్కువదాంట్లో పడేసే ప్రమాదం ఉంది. సదరం స్లాటు సచివాలయంలోనే బుక్ చేస్తారు. ప్రయాణం తప్పదంటే, డాక్టరుకి మళ్లీ చూపించే రోజుకే స్లాటు కలిసేలా అడగండి, ఒక్క పడవతో రెండు పనులూ అవుతాయి. 2025లో ఈ 15,000 పింఛన్ల తనిఖీకి డాక్టర్లే ఇళ్లకి వెళ్లారు. అందుకని ఇంటికొచ్చి చూడమని అడగడానికి మొహమాటపడకండి.

పింఛను నాలుగు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు, ఒంటిమీద పుండు పడితే మాత్రం కష్టం. రెండు గంటలకోసారి పక్క మార్చండి. నడుం కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడండి. పడుకోబెట్టి జావ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దిండ్లు ఆనించి కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా చెంచాతో పట్టండి. మింగేటప్పుడు పొలమారుతుంటే ఆపేసి డాక్టరుకి చెప్పండి.

ఇక వరదలు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది. రెండోదాకా ఆగకండి. పడవ తిరుగుతుండగానే ఆవిడని గట్టు మీది బంధువులింటికి చేర్చండి. తరలించాల్సినవాళ్ల జాబితాలో ఆవిడ పేరుందో లేదో ఏఎన్ఎమ్‌నే అడగండి. బీపీ మాత్రలు నెలకి సరిపడా ముందే తెచ్చుకోండి.