ఈస్టర్‌కు పిలిచారు కదా, వెళ్ళు

తల్లీ,

పక్కింటివాళ్ళు ఈస్టర్ ఉదయం ఫలహారానికి పిలిచారని, వెళ్ళాలా వద్దా అని తటపటాయిస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తప్పకుండా వెళ్ళు. జర్మన్లు పండుగ పూట బయటివాళ్ళను తమ బల్ల దగ్గరికి పిలిచారంటే అది మాటవరసకు పిలిచిన పిలుపు కాదు. నేను వచ్చిన మొదటి ఏడు మొహమాటపడి మానేసి, నాలుగు రోజులూ గదిలో ఒంటరిగా గడిపాను. నీకు ఆ దిగులు వద్దు.

ముందు సరుకుల సంగతి చూసుకో. శుక్రవారం, ఆదివారం, సోమవారం దుకాణాలు మూసే ఉంటాయి. శనివారం తెరిచినా కాలు పెట్టే సందు ఉండదు. బుధవారమే పాలు, కూరలు తెచ్చిపెట్టుకో. గురువారం ఆకుకూర తినడం ఇక్కడి ఆనవాయితీ. మా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏడు రకాల ఆకులు సన్నగా తరిగి చేసే పచ్చని సాస్‌ను ఉడికించిన గుడ్లతో, బంగాళాదుంపలతో తింటారు. గుడ్ ఫ్రైడేను కార్‌ఫ్రైటాగ్ అంటారు. ఆ రోజు చాలా ఇళ్ళలో మాంసం ముట్టరు, చేప వండుకుంటారు. బహిరంగంగా డాన్సులు చేయకూడదని చట్టమే ఉంది. నీ గదిలో కూడా పాటలు పెద్దగా పెట్టకు.

పండుగకు ముందే పిల్లలు నిన్ను గుడ్లు ఊదడానికి రమ్మనవచ్చు. పచ్చిగుడ్డుకు రెండు కొసలా సూదితో చిల్లు పొడవాలి, కిందిది కాస్త పెద్దదిగా. సూదిని లోపలికి పోనిచ్చి సొన చితికేలా తిప్పి, పైచిల్లుకు పెదవులు ఆనించి ఊదాలి. మొదట ఏమీ రాదు, బుగ్గలు నొప్పెడతాయి. తరవాత ఒక బొట్టు, ఆపైన సన్నని తీగలా సొన గిన్నెలోకి జారుతుంది. వేళ్ళు బిగించావా, పెంకు చితికిపోతుంది. కడిగి ఆరబెట్టి రంగులు వేశాక, చిన్న అగ్గిపుల్ల ముక్కకు దారం కట్టి చిల్లులోంచి లోపలికి వదిలితే అది అడ్డం తిరిగి పట్టుకుంటుంది. ఆ దారంతో గుడ్డును కూజాలోని పూలకొమ్మలకు వేలాడదీస్తారు. పోయిన ఏడు పిల్లలు రంగులు వేసిన గుడ్లు ఈ ఏడూ అట్టపెట్టెలోంచి బయటికి వస్తాయి. ఈ పండుగలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఆదివారం చెప్పిన వేళకు సరిగ్గా వెళ్ళు. తులిప్ పూల గుత్తి చాలు, కాగితం తీసేసి చేతికివ్వు. గుడ్లను కుందేలు తెచ్చి తోటలో దాచిందని చిన్నపిల్లలు నిజంగా నమ్ముతారు. ఈ కుందేలు మాట 1682లోనే ఒక వైద్యుడి రాతల్లో కనిపిస్తుంది. నువ్వు నోరు జారకు. గుడ్డు ఎక్కడుందో కనిపించినా వేలెత్తి చూపకు. పిల్లలు దగ్గరికొస్తే ‘వార్మ్’ (వెచ్చన), దూరం పోతే ‘కాల్ట్’ (చల్లన) అని పెద్దవాళ్ళు అరుస్తారు, నువ్వూ వాళ్ళతో గొంతు కలుపు. బల్ల మీద జడలా అల్లిన తియ్యని రొట్టె, పంచదార పొడి చల్లిన గొర్రెపిల్ల ఆకారపు కేకు ఉంటాయి. ఉడికించిన గుడ్లను కొసకు కొస కొట్టుకుని ఎవరిది పగలకపోతే వాళ్ళు గెలిచినట్టు. సిగ్గుపడకుండా ఆడు. సోమవారమూ సెలవే. నడకకు రమ్మంటే మంచి బూట్లు వేసుకుని వెళ్ళు.

ఇంకొక్క మాట. మన ఊళ్ళో తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్ళేవాళ్ళం, గుర్తుందా? ఇక్కడ కూడా చాలా చర్చిల్లో శనివారం రాత్రో, ఆదివారం వేకువనో ఓస్టర్‌నాఖ్ట్, అంటే ఈస్టర్ రాత్రి ఆరాధన జరుగుతుంది. దీపాలన్నీ ఆర్పిన చర్చిలోకి ఒక్క పెద్ద కొవ్వొత్తిని తెస్తారు. దాని మంట చేతినుంచి చేతికి పాకి చివరి వరుసదాకా వస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చి ఏడ్చేశాను. మీ వీధి చర్చిలో వేళ ఎప్పుడో తలుపు దగ్గర కాగితం అంటించి ఉంటుంది, చూసుకో. మందపాటి కోటు వేసుకో, ఆ వేళప్పుడు చర్చి లోపల కూడా చలే.

నీ పెద్దమ్మ