రక్తం పడటం లేదని కాక్సీడియా కాదనుకోకండి

ప్రశ్న: బెంగళూరు దగ్గర హోసకోట పక్కన మాకు బ్రాయిలర్ షెడ్డు ఉంది. 2,400 కోళ్లు, వయసు 23 రోజులు. వానలు పట్టిన దగ్గర్నుంచి రెట్ట పలచగా, నారింజ రంగు జిగురుతో పడుతోంది. మేత అరగకుండా అలాగే వచ్చేస్తోంది. సగటు బరువు 780 గ్రాములే. రోజూ ఎనిమిది, పది కోళ్లు పోతున్నాయి. రక్తం ఎక్కడా లేదు కాబట్టి రక్తపారుడు కాదు, మేతలో కాక్సీడియా మందు ఎలాగూ ఉంది. మందుల షాపు ఆయన ‘పేగు గోడ లీకవుతోంది’ అని ప్రోబయోటిక్, బ్యుటిరేట్, లివర్ టానిక్, బి-కాంప్లెక్స్, ఒక యాంటీబయాటిక్ పొడి ఇచ్చారు. నాలుగు రోజులుగా అన్నీ ట్యాంకులో కలుపుతున్నాను. ఏడు వేలు ఖర్చయింది, గుణం లేదు. ఏ ప్రోబయోటిక్ మంచిది? మోతాదు రెట్టింపు చేయమంటారా? మా నాన్న మజ్జిగ పోయమంటున్నారు.
– ఒక రైతు, హోసకోట

జవాబు: రెట్టింపు సంగతి అటుంచండి, ముందు ట్యాంకులో కలుపుతున్నవన్నీ ఈ రోజే ఆపేయండి. మీరు రాసిన ప్రతి లక్షణమూ పేగులో చేరే పరాన్నజీవి కాక్సీడియావైపే చూపిస్తోంది. దీనికి తెలుగులో రక్తపారుడు అని ఎవరు పేరు పెట్టారో గానీ ఆ పేరే చాలామంది రైతుల్ని ముంచుతోంది. రక్తం బాగా కనిపించేది ఐమేరియా టెనెల్లా రకంలో. అది గుడ్డి పేగుల్లో చేరుతుంది. పై పేగులో చేరే అసెర్వులినా, నడిమి పేగులో చేరే మాక్సిమా రకాల్లో రెట్టలో రక్తం కనపడకపోవచ్చు. నారింజ రంగు జిగురు, అరగని మేత, ఎదగని బరువు వాటి గుర్తులు. 23 రోజులకు కిలో దాటాల్సిన కోడి 780 గ్రాముల దగ్గర ఆగిపోయిందంటే ఇది నాలుగు రోజుల నాటి జబ్బు కాదు.

మేతలో మందు ఉందన్నారు. ఏ మందు, ఎన్ని బ్యాచ్‌ల నుంచి అదే వాడుతున్నారో రాయలేదు. ఏడాది పొడుగునా ఒకే మందు తినిపిస్తే పరాన్నజీవి దానికి అలవాటు పడిపోతుంది. పైగా జబ్బు కోడి మేత తగ్గించేస్తుంది, దాంతోపాటే లోపలికి వెళ్లే మందూ తగ్గుతుంది. ఒక హెచ్చరిక కూడా: మేతలో సాలినోమైసిన్ లాంటి మందు ఉన్నప్పుడు నీటిలో టియాములిన్ అనే యాంటీబయాటిక్ కలిపితే కోళ్లు కాళ్లు పడిపోయి చస్తాయి. షాపు వాళ్లు మీ మేతలో ఏముందో అడిగారా? అడిగి ఉండరు.

రేపు పొద్దున్నే, బాగా నీరసంగా ఉన్న మూడు కోళ్లను ప్రాణంతోనే హెబ్బాళ పశువైద్య కళాశాలకు తీసుకురండి. చనిపోయినదైతే ఐసు పెట్టిన డబ్బాలో మూడు నాలుగు గంటల్లోపు చేర్చాలి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించి తెస్తే పేగు చూసి ఏమీ చెప్పలేం. చచ్చాక మొదట కుళ్లేది పేగే. కోసి చూస్తే పై పేగులో తెల్లటి అడ్డ గీతలుంటే అసెర్వులినా. నడిమి పేగు ఉబ్బి, లోపల నారింజ జిగురు, పైన ఎర్రటి చుక్కలుంటే మాక్సిమా. పేగు పలచబడి గాలి నిండి, లోపలి పొర గరుకు తువ్వాలులా ఉంటే కాక్సీడియా వెనకాలే క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా కూడా దిగిందన్నమాట. దానికి యాంటీబయాటిక్ వేరే ఉంది. ఆ పేరు ఇక్కడ రాయను, రాస్తే కోడిని కోయకుండానే వాడేస్తారు. మరణాలు ఒక్కసారిగా రోజుకు పాతిక దాటితే మాత్రం రేపటిదాకా ఆగకుండా ఇవాళే బయల్దేరండి.

రిపోర్టు వచ్చేలోపు ఆంప్రోలియం అనే కాక్సీడియా మందు నీటిలో మొదలుపెట్టవచ్చు. 20 శాతం పొడి అయితే లీటరు నీటికి 1.2 గ్రాములు, 5 రోజులు. మీ కోళ్లు రోజుకు సుమారు 450 లీటర్లు తాగుతాయి, అంటే రోజుకు 540 గ్రాముల పొడి. ఆ తర్వాత లీటరుకు 0.3 గ్రాముల చొప్పున మరో 7 రోజులు. ఏ రోజుది ఆ రోజే కలపాలి, వేరే నీళ్లు తాగనివ్వకూడదు. పొడిని తూకం వేయండి, చెంచాల లెక్క వద్దు. టోల్ట్రాజురిల్ ఇంకా బాగా పనిచేస్తుంది కదా అని ఎవరైనా అంటారు, నిజమే. కానీ అది వాడాక కోడిని మాంసానికి అమ్మాలంటే రెండు వారాలకు పైగా ఆగాలి. 40 రోజులకు అమ్ముకునే మీకు ఆ లెక్క కష్టం. ఆంప్రోలియంతో ఆ ఇబ్బంది తక్కువ. అయినా మీరు కొన్న ప్యాకెట్ మీద రాసిన గడువు చదివి పాటించండి.

ఈ 12 రోజులూ బి-కాంప్లెక్స్ చుక్క కూడా పడకూడదు. ఆంప్రోలియం బి1 విటమిన్ వేషం వేసుకుని వెళ్లి పరాన్నజీవిని పస్తు పెడుతుంది. మీరు అదే ట్యాంకులో నిజమైన బి1 పోస్తే దానికి విందు పెట్టినట్టే. విటమిన్ ఎ, కె ఇవ్వవచ్చు.

ఇక మీ అసలు ప్రశ్న, పేగు గోడ. షాపు ఆయన చెప్పిన మాట పూర్తిగా అబద్ధం కాదు. పేగు లోపలి గోడ ఒకే వరస కణాలు. కణానికీ కణానికీ మధ్య బిగువైన కుట్లు, వాటి మీద జిగురు పొర. మంచి బ్యాక్టీరియా ఆ జిగురు పొరను కాపాడుతుంది, చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తుంది. బ్యుటిరేట్ ఆ కణాలకు ఆహారం, కుట్లు బిగించడానికీ పనికొస్తుంది. ఇదంతా నిజమే. కానీ కాక్సీడియా ఆ కణాల లోపలే పిల్లలు పెట్టి, వాటిని పగలగొట్టుకుని బయటికొస్తుంది. చెరువు కట్ట తెగి నీళ్లు పోతుంటే చేపపిల్లలు వదులుతామా? ముందు గండి పూడ్చాలి.

మీరు వేసిన ప్రోబయోటిక్ అసలు బతికిందో లేదో కూడా అనుమానమే. దాన్ని యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే ట్యాంకులో పోశారు. ఒక చేత్తో విత్తనం చల్లి ఇంకో చేత్తో కలుపు మందు కొట్టినట్టు! ఆ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కూడా వేస్తున్నారా? వేస్తుంటే లాక్టోబాసిల్లస్ రకాలు నీళ్లలోనే చస్తాయి. బాసిల్లస్ సబ్టిలిస్ లాంటివి విత్తనంలా గట్టి పెంకులో ఉంటాయి కాబట్టి కొంత తట్టుకుంటాయి. ఈస్ట్ రకాలకు బ్యాక్టీరియా మందులతో పేచీ లేదు. ప్యాకెట్ మీద ఏ రకమో రాసి లేకపోతే ఆ ప్యాకెట్ కొనకండి.

ఆ యాంటీబయాటిక్ పొడిలో కోలిస్టిన్ ఉందేమో చూడండి. కోళ్లలో, పశువుల్లో, చేపల చెరువుల్లో దాని వాడకాన్ని కేంద్రం 2019 జులైలోనే నిషేధించింది. మనుషులకు వేరే ఏ మందూ పనిచేయనప్పుడు ఆసుపత్రుల్లో చివరగా వాడేది అది. దాన్ని మీ షెడ్డులో రెట్ట గట్టిపడటానికి పోయమంటున్నారంటే ఏం చెప్పాలి! షాపు వాళ్లకు అమ్మకం కావాలి, మీ కోడి పేగు వాళ్లు చూడలేదు.

ఇప్పుడు ట్యాంకు మూత తీసి లోపల చెయ్యి పెట్టండి. గోడకు జారుడుగా జిగట తగిలిందా? టానిక్కుల్లోని చక్కెర తిని పెరిగే జిగట అది, పైపుల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. నాకు కనిపించే పది షెడ్లలో ఏడింటిలో రోగం మొదలయ్యేది ఇక్కడే, అయినా మందు అడిగేవాళ్లే గానీ నీటి పరీక్ష అడిగేవాళ్లు లేరు. ట్యాంకు రుద్ది కడగండి, ప్రతి లైనూ చివరిదాకా తెరిచి నీళ్లు వదలండి. మందు నడిచే రోజుల్లో క్లోరిన్ వద్దు. అవి అయ్యాక 1,000 లీటర్లకు 33 శాతం బ్లీచింగ్ పౌడర్ 10 గ్రాములు, వేసిన గంటకు తాగనివ్వండి. తెరిచిపెట్టిన పాత పౌడర్‌లో బలం ఉండదు. మీ వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, పీహెచ్ 8 దాటితే క్లోరిన్ సగం పని కూడా చేయదు. బ్యాచ్ ఖాళీ అయ్యాక హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో లైన్లు శుభ్రం చేయించండి.

లిట్టర్, అంటే షెడ్డు నేల మీద పరిచిన ఊక, గుప్పెడు తీసి పిసకండి. ముద్దలా నిలిచిందంటే తడి ఎక్కువ. ఆ తడిలో కాక్సీడియా గుడ్డు రెండు రోజుల్లో రోగం అంటించడానికి సిద్ధమవుతుంది, ఫినైల్ చల్లినా చావదు. గడ్డకట్టిన చోట ఎత్తి పారేసి పొడి వరి ఊక వేయండి, రోజూ తిప్పండి. వానకు పరదాలు పూర్తిగా దించేశారు కదా? పైన అడుగు ఖాళీ వదిలి గాలి ఆడనివ్వండి.

మజ్జిగ గురించి మీ నాన్నగారికి చెప్పండి: మనకు మంచిదే, కోడికి పాల చక్కెర అరగదు. ఇప్పటికే పారుతున్న కోడికి మరింత పారుతుంది.

ఆంప్రోలియం 5 రోజుల కోర్సు అయ్యాక, రెట్ట గట్టిపడితే, అప్పుడు ప్రోబయోటిక్ పెట్టుకోండి. నీటిలో కాదు, మేతలో. గ్రాముకు 100 కోట్ల సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) ఉన్న బాసిల్లస్ పొడి టన్ను మేతకు 500 గ్రాములు చాలు, కిలో మేతకు 50 కోట్లు అందుతాయి. బ్యుటిరేట్ కావాలనుకుంటే పూత పూసిన రకం టన్నుకు 500 గ్రాములు. పూత లేనిది పేగు కిందిదాకా చేరదు. పాడైన వెన్న వాసన బాగా వస్తోందంటే దాని పూత సరిగా లేదనే అనుకోండి.

ప్రోబయోటిక్‌కు అసలు విలువ వచ్చే బ్యాచ్‌లో ఉంటుంది. పిల్ల దిగిన మొదటి మూడు రోజులు ఇవ్వండి. అప్పుడు పేగు ఖాళీ ఇల్లు, ఎవరు ముందు చేరితే వాళ్లదే. 1973లో ఫిన్లాండ్‌లో నుర్మి, రంతల అనే శాస్త్రవేత్తలు చూపించింది ఇదే: పెద్ద కోడి పేగులోని బ్యాక్టీరియాను ముందే అందుకున్న పిల్లలకు సాల్మొనెల్లా అంత సులువుగా పట్టలేదు. 23వ రోజున, ఇల్లు కాలుతుండగా, ఆ పని చేయబోయారు మీరు.

రేపు వచ్చేటప్పుడు కోళ్లతోపాటు ఆ అయిదు ప్యాకెట్లూ, మేత బస్తా చీటీ, ట్యాంకు చివరి నిపుల్ దగ్గర పట్టిన లీటరు నీళ్లూ తీసుకురండి.