కాలేజీలో ఇరవై పాయింట్లు కొట్టే సెంటర్ ఎన్‌బీఏలో నిలుస్తాడా?

మీ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఏడడుగుల సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) మ్యాచ్‌కి ఇరవై పాయింట్లు కొడుతున్నాడు, డ్రాఫ్ట్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని ఒకటో నంబరు నుంచి వరసగా రెండు రౌండ్లలో ఎంచుకునే చోట, మొదటి రౌండులో పోతాడా అని అడిగారు. పాయింట్లను బట్టి మాత్రం చెప్పలేం. ఈ విషయంలో నేను ఒకసారి బోర్లా పడ్డాను.

నేను అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తున్నప్పుడు జాక్ ఈడీ అక్కడే ఆడేవాడు. ఏడడుగుల నాలుగంగుళాల ఎత్తు, దాదాపు మూడు వందల పౌండ్ల బరువు. మ్యాకీ అరీనాలో ఎక్కడో పై వరసలో కూర్చుని చూసినా, అతని పక్కన మిగతావాళ్ళు స్కూలు పిల్లల్లా ఉండేవారు. 2023, 2024లో వరసగా రెండేళ్ళు దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడు అతను. అయినా రెండో రౌండు దాకా ఎవరూ తీసుకోరని రూమ్మేట్‌తో బిర్యానీ పందెం కాశాను. నా లెక్క నాకుంది: అదే గౌరవం 2021లో దక్కిన అయోవా సెంటర్ లూకా గార్జా 52వ నంబరు దాకా ఆగాల్సి వచ్చింది. 2022లో దక్కిన కెంటకీ ఆస్కార్ షీబ్వేని ఆ మరుసటేడు డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనే లేదు. కానీ ఈడీని ఎన్‌బీఏ టీమ్ మెంఫిస్ 9వ నంబరుకే ఎగరేసుకుపోయింది. బిర్యానీ డబ్బులు నావే.

ఎక్కడ తప్పానంటే, ముగ్గురినీ ఒకే గాటన కట్టేశాను. మిగతా ఇద్దరూ ఏడడుగులు కూడా లేరు. ఎన్‌బీఏలో ఆ ఎత్తు మామూలే. పైగా ఈడీ బాస్కెట్‌బాల్ మొదలుపెట్టిందే హైస్కూల్లో, అంతకుముందు టొరంటోలో హాకీ, బేస్‌బాల్ ఆడేవాడు. ఏటేటా మెరుగవుతూ వచ్చాడు. నేను అది కళ్ళారా చూసి కూడా లెక్కలో వేసుకోలేదు.

ఇప్పుడు నేను ముందు చూసేది డిఫెన్స్. అవతలివాళ్ళు స్క్రీన్ పెట్టి (కాసేవాడి దారికి ఒకరు అడ్డంగా నిలబడి) గార్డ్‌ని, అంటే బంతి నడిపేవాణ్ణి, వదిలినప్పుడు మీ సెంటర్ ఎక్కడ నిలబడుతున్నాడు? వెనక్కి అడుగులేస్తూ ఆ గార్డ్‌నీ, రింగ్ వైపు దూసుకెళ్ళే మనిషినీ ఇద్దర్నీ కాయగలడా? కాలేజీలో రింగ్ కింద ఎంతసేపైనా పాతుకుపోవచ్చు. ఎన్‌బీఏలో ఎవరినీ కాయకుండా పెయింట్‌లో (రింగ్ ముందు రంగు వేసిన చోట) మూడు సెకన్లు దాటి ఉంటే విజిల్ ఊదేస్తారు. అక్కడే చాలామంది బండారం బయటపడుతుంది. 2015లో మూడో నంబరుకి వెళ్ళిన డ్యూక్ సెంటర్ జలీల్ ఓకాఫర్ మొదటి ఏడాది మ్యాచ్‌కి 17.5 పాయింట్లు కొట్టాడు. పోస్ట్‌లో, అంటే రింగ్ దగ్గర, అతని కాళ్ళ పని చూడముచ్చటగా ఉండేది. కానీ డిఫెన్స్ లేదు, దూరం నుంచి షాట్ లేదు. మూడో సీజన్ సగం కాకముందే అతని టీమ్ ఫిలడెల్ఫియా వదిలించుకుంది.

వీలైతే 2024 కాలేజీ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఒకసారి మళ్ళీ చూడండి. ఈడీ 37 పాయింట్లు కొట్టాడు, పర్డ్యూ 75-60తో ఓడింది. యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) అతన్ని ఒక్క డొనోవన్ క్లింగన్ అనే సెంటర్‌కి అప్పగించి, మిగతా నలుగురిని షూటర్లకి అంటిపెట్టింది. మా వాళ్ళకి మ్యాచ్ మొత్తంలో పడ్డ త్రీ (దూరం నుంచి కొట్టే మూడు పాయింట్ల షాట్) ఒక్కటే. ఆ ఓటమి గురించి ఇంకా మాట్లాడించకండి. ఈడీ కంటే చాలా తక్కువ పాయింట్లు కొట్టిన క్లింగన్ డ్రాఫ్ట్‌లో అతని కంటే ముందే, 7వ నంబరుకి పోయాడు. టీమ్‌లు కొన్నది అతని డిఫెన్స్‌ని.

షూటింగ్ సంగతికి కాలేజీ త్రీల కంటే ఫ్రీ త్రోలు (ఫౌల్ తర్వాత ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్లు) మంచి సూచిక. కాలేజీ వెబ్‌సైట్‌లో రాసే ఎత్తు ఊరికే నమ్మకండి, బూట్లు లేకుండా కొలిచింది కావాలి.

మీవాడి వయసు, ఫ్రీ త్రో శాతం, మ్యాచ్‌కి ఎన్ని ఫౌల్స్ చేస్తున్నాడో కింద రాయండి. ఈసారి పందెం మాత్రం కాయను.