కుండలో బియ్యం ఉంది

బిడ్డా సరితా,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు గొలుసు కుదువపెట్టి కెమెరా అద్దెకు తీసుకున్నావని చెప్పి చాలాసేపు ఏడ్చింది. కానీ కోరుట్ల దగ్గర ఊళ్లో, బీడీలు చుట్టే ఒక తల్లి మీద సినిమా తీస్తున్నావనీ, నిజంగా బీడీలు చుట్టే ఆమెనే ఆ వేషానికి ఒప్పించావనీ చెప్పేటప్పుడు ఆ గొంతులో గర్వం దాగలేదు. నాకూ అంతే. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టక లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

స్క్రిప్టు మొత్తం కాగితం మీద పెట్టుకో. ఒప్పుకున్నవాళ్ల దగ్గర సంతకాలు తీసుకో. తీసిన ఫుటేజీ ఏ రోజుది ఆ రోజే రెండు చోట్ల దాచు. వేళకు తిను. నాలుగేళ్లు అసిస్టెంటుగా పనిచేశావు, ఇవన్నీ నీకు తెలుసు.

నా మొదటి భయం లైట్ల గురించి. అది ఎండిన ఆకు, తంబాకు ఉన్న ఇల్లు. దూలానికి చీరతో ఉయ్యాల కట్టి ఉంటుంది, అందులో పాప ఉంటుంది. ఇసుక సంచి పెట్టని లైటు స్టాండు ఒక్క నిమిషం కూడా ఆ ఇంట్లో నిలబడకూడదు. వాళ్ల మీటరు నుంచి కరెంటు తీసుకోవద్దు, వచ్చే నెల బిల్లు కట్టేది ఆమె. నన్నడిగితే లోపల లైటే పెట్టకు. సత్యజిత్ రాయ్ 1956లో 'అపరాజితో' తీసినప్పుడు కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్టు వేశారు. కెమెరామన్ సుబ్రత మిత్ర ఆ లోగిలి మీద తెల్లగుడ్డ పరిచి, లైట్లను ఆ గుడ్డ మీదకు కొట్టి, తిరిగి కిందకు పడే మెత్తటి వెలుగులో తీశాడు. ఆకాశం నుంచి దిగినట్టుండే వెలుగు అది. నువ్వు గడప బయట ఎండలో ఒక తెల్ల దుప్పటి కట్టు, వెలుగు దానంతటదే లోపలికి వస్తుంది. పేదవాళ్ల ఇల్లంటే చీకటే అని మా కాలంలో కెమెరామన్లందరం అనుకునేవాళ్లం. ఆకు కత్తిరించే ఆడవాళ్లు వెలుతురు కోసం గడప దగ్గరికి జరిగి కూర్చుంటారు కదా, ఆ మాట మాకెవరికీ తట్టలేదు.

ఇక మీ అమ్మకు కూడా చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

1987 కరువప్పుడు పాలమూరు వైపు ఒక డాక్యుమెంటరీ తీయడానికి వెళ్లాను. డైరెక్షనూ నాదే, కెమెరా నాదే. ఒక ఇంట్లో తల్లి, ముగ్గురు పిల్లలు. భర్త బొంబాయికి కూలికి పోయాడు. మేం వస్తున్నామని ముందురోజే కబురు పంపాం. వెళ్లేసరికి వాకిలి అలికి ఉంది. పిల్లలకు తలకు నూనె పెట్టి దువ్వింది, బడి చొక్కాలు తొడిగింది. ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుంది, మడతలు ఇంకా పోలేదు. మాకోసం పక్కింటి నుంచి రెండు కుర్చీలు తెచ్చి వేసింది.

నాకు నిరాశ కలిగింది. నేను తీయడానికి వచ్చింది ఇది కాదనిపించింది. "పాత చీర కట్టుకో అమ్మా, రోజూ ఎట్ల ఉంటవో అట్లనే ఉండు" అన్నాను. ఆమె కాసేపు నిలబడి, లోపలికి వెళ్లి మార్చుకుని వచ్చింది. పెద్ద పిల్లవాడి జుట్టు నేనే చేత్తో చెరిపాను. వాకిట్లో మట్టి తీసి వాడి తలకు రాశాను. ఈ చేత్తోనే.

తర్వాత కుండ. అందులో అడుగున గుప్పెడు బియ్యం ఉంది. వాటిని చాటలో పోయించి, ఖాళీ కుండను కెమెరా వైపు వంచమన్నాను. కుండ అడుగు మీదకు జూమ్ చేసి, అక్కడి నుంచి ఆమె ముఖం మీదకు లేపాను. పదహారు మిల్లీమీటర్ల ఫిల్మ్, కెమెరాకు తగిలించే నాలుగు వందల అడుగుల ఫిల్మ్ డబ్బా, అంటే మ్యాగజీన్, పదకొండు నిమిషాలు వస్తుంది. కన్నీళ్ల కోసం అందులో సగం తిప్పాను. ఆమె ఏడవలేదు. అప్పుడు పిల్లవాడిని "అమ్మను బువ్వ అడుగు" అన్నాను. వాడు అడిగాడు. ఆమె ఏడ్చింది. అది ఆకలి ఏడుపని నేను అనుకున్నాను, సినిమా చూసినవాళ్లూ అదే అనుకున్నారు. నలుగురు కొత్తవాళ్ల ముందు కన్నకొడుకు బువ్వ అడిగితే తలెత్తుకోలేక ఏడ్చిందని నాకు ఏడాది తర్వాత గాని తెలియలేదు.

ప్యాకప్ అయ్యాక ఆమె లోపలికి వెళ్లి మళ్లీ ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చి మాకు చాయ్ ఇచ్చింది. మ్యాగజీన్‌లో ఇంకా ఫిల్మ్ ఉంది. తీయలేదు.

హైదరాబాద్‌లో ఆ షాట్‌కు చప్పట్లు కొట్టారు. ఏడాది తర్వాత ఆ ఊళ్లోనే గోడకు తెల్లగుడ్డ కట్టి సినిమా వేశాం. కుండ షాట్ రాగానే ఆమె పిల్లలను లేపుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున ఇంటికి వెళితే గడపలోకి రమ్మనలేదు. ఒక్కటే మాట అడిగింది: "బియ్యముండె గద సారూ, అవెందుకు చూపియ్యలే?" ఆ సినిమా తర్వాత పెద్దవాడిని బడిలో ఖాళీ కుండ అని పిలిచేవాళ్లని ఆ ఊరి పంతులు చాలా రోజులకు చెప్పాడు.

లేమిని కనపడనివ్వకుండా ఉండడానికి ఆ తల్లి పొద్దుటి నుంచి ఎంత పని చేసిందో చూడు: అలకడం, దువ్వడం, చీర తీయడం, కుర్చీలు అడిగి తేవడం. నేను తీయవలసిన సినిమా అదే. నేను ఆ పనంతా చెరిపేసి తీశాను. నువ్వు ఆ పనిని తియ్యి, బిడ్డా. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే మాటలు.

ఇటలీ దర్శకుడు డిసికా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్'లో హీరో భార్య మరియా మంచం మీది దుప్పట్లు లాగి కుదువపెట్టడానికి తీసుకుపోతుంది. ఏడుపు లేదు, విసురుగా లాగడమే. కొట్టువాడు ఆ మూట పట్టుకుని అరలు ఎక్కుతూ పోతాడు, కెమెరా అతని వెంట పైకి లేస్తుంది, అరల నిండా అలాంటి మూటలే. ఊళ్లో ఎన్ని ఇళ్లలో మంచాలు బోసిపోయాయో ఆ ఒక్క కదలికతో తెలిసిపోతుంది. బ్రిటన్ దర్శకుడు కెన్ లోచ్ 2016లో తీసిన 'ఐ, డేనియల్ బ్లేక్'లో కేటీ అనే తల్లి పిల్లలకు పెట్టి తను తిన్నానని చెబుతుంది. తర్వాత ఉచితంగా సరుకులిచ్చే చోట తట్టుకోలేక ఒక డబ్బా మూత తీసి చేత్తో తినేస్తుంది. కెమెరా ఆమె ముఖం మీదకు ఎగబడదు. లోచ్ కథను మొదటి నుంచి వరుసగా తీస్తాడు, ముందు ఏం జరగబోతోందో నటులకు చెప్పడు, కెమెరాను వెనక్కి నిలబెడతాడు. వరుసగా తీసే వీలుంటే నువ్వూ అలాగే తియ్యి. నటన తెలియని మనిషికి పదో సీను తర్వాత రెండో సీను చేయమంటే టెన్షన్ తప్ప ఇంకేమీ రాదు.

ఆమె రోజంతా నేల మీద కూర్చునే మనిషి. నువ్వూ కెమెరాతో పాటు నేల మీద కూర్చో. నిలబడి కిందికి చూస్తూ తీసే ప్రతి షాటూ ఆమెను ఇంకొంచెం అణుస్తుంది. ఒక్క బీడీ అయినా ఆకు కత్తిరించడం నుంచి దారం చుట్టేవరకు కోత లేకుండా చూపించు. డిసికాదే 'ఉంబెర్తో డి' (1952)లో పనిపిల్ల మరియా పొద్దున వంటింట్లో కాఫీ గింజలు మరపట్టే సీను ఉంది. గర్భిణి. కుర్చీలోంచి లేవకుండా కాలు చాపి తలుపు నెడుతుంది. కథ అక్కడ ఒక్క అడుగు కూడా ముందుకు జరగదు, కానీ ఆ పిల్ల బతుకంతా ఆ చాపిన కాలిలో ఉంది. ఎడిటింగులో అలాంటిది బోరు కొడుతుందని ఎవరైనా అంటే వినకు.

వయొలిన్లు వేస్తే మాత్రం నేను నీతో మాట్లాడను, నిజంగా చెబుతున్నాను. రాయ్ 'పథేర్ పాంచాలి'లో హరిహర్ కూతురు దుర్గ కోసం చీర తెస్తాడు, ఆమె పోయిందని అతనికి తెలియదు. తల్లి సర్బజయ ఏడుస్తుంది, ఆ ఏడుపు మనకు వినపడదు. దాని చోట తార్ షెహనాయ్ అనే తీగల వాద్యం పలుకుతుంది. బెంగాలీ దర్శకుడు రిత్విక్ ఘటక్ 'మేఘే ఢాకా తారా'లో సంపాదించే కూతురు పెళ్లి చేసుకుని వెళ్లిపోతే ఇల్లెట్లా అని తల్లికి భయం. వంటింట్లో చెవి ఒగ్గి ఉన్న ఆమె మీద, పొయ్యి మీద ఉడికే చప్పుడు పెరుగుతుంది. నీకు కత్తెర చప్పుడు ఉంది, డబ్బింగు చేయకుండా అక్కడే రికార్డు చెయ్యి. మాటలు తక్కువైనా భయం లేదు. మన బి. నర్సింగరావు 'దాసి' (1988)లో అర్చన ఎంత మాట్లాడింది? దొర గడీలో ఆమె కడుపు తీయించడం చూసి వచ్చిన రాత్రి నేను అన్నం తినలేదు.

ఇంకొకటి. ఆమెను దేవతను చెయ్యకు. సర్బజయ దుర్గను జుట్టు పట్టి ఈడుస్తుంది, ముసలామెను ఇంట్లోంచి వెళ్లగొడుతుంది. వెయ్యి బీడీలు పూర్తికాని రోజు తల్లి పిల్లల మీద అరుస్తుంది, చెయ్యి చేసుకుంటుంది. మా అమ్మ మమ్మల్ని కొట్టింది, కొట్టి రాత్రి కాళ్లు పట్టింది. మీ అమ్మకు ఇప్పటికీ ఆ దెబ్బలు గుర్తుండవు, నాకు గుర్తే. ఆమె తిట్టే సీను తీసేయమని ఎవరు అడిగినా ఒప్పుకోకు.

డబ్బు సంగతి. 'బైసికిల్ థీవ్స్' హీరో లాంబెర్తో మాజొరాని ఫ్యాక్టరీ కూలీ. సినిమా అయ్యాక ఆ ఉద్యోగం పోయింది. నీ షూటింగు ఇరవై రోజులంటే ఆమెకు ఇరవై వేల బీడీల కూలి పోయినట్టే. అది వేరుగా కట్టివ్వు, వేషానికి ఇచ్చేది వేరు. ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదార్‌తో ముందే మాట్లాడు, రేపు ఆమెకు ఆకు ఇవ్వనంటే నువ్వు హైదరాబాద్‌లో ఉంటావు. సినిమా పూర్తయ్యాక ఎవరికీ చూపించకముందు ఆమెకూ ఆమె పిల్లలకూ చూపించు. వద్దన్న షాట్ తీసెయ్యి.

గొలుసు విడిపించే పైసలు నేను పంపుతున్నాను, వద్దనకు. మీ అమ్మతో రోజూ మాట్లాడు.

షూటింగు మొదటి రోజు సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఆమె ఏ చీర కట్టుకుని వచ్చిందో చెప్పు.

నీ మామ