బడి తోట: రెండు మడులతో మొదలుపెట్టు

చిరంజీవి శారదకు ఆశీస్సులు.

బడిలో తోట వేయించి పిల్లలకు సైన్సు చెప్పాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషం. మొదటి ఏడు రెండే మడులు చాలు. ఒక్కోటి మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. అంతకంటే వెడల్పైతే మూడో తరగతి పిల్లల చెయ్యి మధ్యకు అందదు, మడిలోకి దిగి తొక్కేస్తారు. తొక్కిన నేల గట్టిపడి వేరు దిగదు.

జూన్‌లో బడి తెరిచాక, తొలకరి పడగానే ఒక మడిలో తోటకూర, రెండో దాంట్లో పొద అలసంద వేయించు. తోటకూర విత్తనం ఆవగింజ కన్నా సన్నం. చెంచా విత్తనానికి పది చెంచాల పొడి ఇసుక కలిపి చల్లించి, పైన మట్టి పలుచగా కప్పించు. లోతుగా పడితే మొలక పైకి రాదు. అలసందను వేలి కణుపు లోతున, జానెడు దూరంలో పెట్టించు.

పాఠం అక్కడే మొదలవుతుంది. తోటకూర మడిని సగానికి పంచు. మొక్కలు బెత్తెడు ఎదిగాక ఒక సగంలో మొదళ్ల దగ్గర ఎండుటాకులు పరిపించు, రెండో సగం వదిలెయ్. వాన లేని రోజున రెండింటికీ ఒకే లెక్కన మగ్గులతో నీళ్లు పోయించు. మర్నాడు వేలు గుచ్చి ఎక్కడ తడి ఉందో పిల్లలే చెప్పాలి, నోటుబుక్కులో రాయాలి. మార్చేది ఒక్కటే ఉండాలి సుమా. ఒక సగానికి ఆకులూ, ఎరువూ రెండూ వేస్తే తేడా దేనివల్ల వచ్చిందో నువ్వూ చెప్పలేవు.

అలసంద పూతకు వచ్చే వేళ, నలభై రోజులప్పుడు, ఒక మొక్కను పారతో మట్టిగడ్డతో సహా తీసి బకెట్ నీళ్లలో నానబెట్టు. లాగి పీకితే వేళ్ల మీద చూపించాల్సిన బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. మట్టి కరిగాక వేళ్లకు గింజల్లా అంటుకున్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చమను. లోపల గులాబీ రంగుంటే అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తున్నట్టే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని జరగట్లేదు. పక్కనే తోటకూర వేరు పెట్టి చూపించు, దానికి ఈ బుడిపెలు ఉండవు. పంట మార్పిడి ఎందుకో అప్పుడు అడుగు, వాళ్లే చెబుతారు.

మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు ఇవ్వాలి. నలభై మందికి రెండు కిలోలు. కోసిన తోటకూర తూకం వేయించి, అది ఎందరికి సరిపోతుందో లెక్క కట్టించు. రెండు మడులు బడి మొత్తానికి సరిపోవు, ఆ మాట పిల్లలతో దాచకు. కోసిన రోజే రెండు మూడు నీళ్లలో కడిగి, వంట చేసే అక్కకు పప్పులోకి ఇవ్వు. పళ్లేల్లో వదిలేసిన అన్నం కూడా ఒక వారం తూచి బోర్డు మీద రాయించు. ఎవరినీ మందలించకు, ఆ అంకె చాలు.

కూరగాయల తొక్కలు ఒక బుట్టకు ఎండుటాకులు రెండు బుట్టలు కలిపి గుంటలో వేయించు. కంపు కొడితే తడి ఎక్కువైనట్టు, ఇంకా ఆకులు కలుపు. అన్నం వెయ్యొద్దు, ఎలుకలు చేరతాయి. ఆకుకూరలకు పచ్చి పేడ అసలు వద్దు, బాగా చివికిన ఎరువే వాడు. మట్టి ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఆకుల రసం పీల్చే పేనుబంక పురుగుకు వేపగింజల కషాయం చాలు, కానీ కొట్టేది నువ్వే, అదీ పిల్లలు వెళ్లాక సాయంత్రం.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నా. తోటపనిని శిక్షగా వెయ్యొద్దు. హోంవర్కు చేయనివాడికి నీళ్లు మోసే పని పడితే వాడికి తోటంటేనే ఏవగింపు పుడుతుంది. ఊడ్చే పని ఆడపిల్లలకూ తవ్వే పని మగపిల్లలకూ పంచొద్దు.

దసరా సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లుండరు కనుక లేత మొక్కలు ఆ సమయానికి ఉండకుండా చూసుకో. తిరిగొచ్చాక మెంతికూర వేయించు, నెలలోపే కోతకొస్తుంది. ఫిబ్రవరి తర్వాత కొత్తగా ఏమీ వద్దు. కాసిన అలసందల్లో మంచి మొక్కలు రెండు గుర్తుపెట్టి, కాయలు మొక్క మీదే ఎండనివ్వు. గింజలు గలగలలాడేదాకా ఎండబెట్టి, పుచ్చు పట్టకుండా బూడిద కలిపి సీసాలో పోయించు. మూత మీద పంట పేరు, తేదీ పిల్లలతోనే రాయించు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న