డబ్బా సంగతి సరే, లోపల సరుకు?

(విశాఖ గాజువాక ఆటోనగర్‌లో బోరింగ్ షాపు (అరిగిన ఇంజిన్ సిలిండర్లను లోపల కోసి సరిచేసే షాపు) నడిపే మేస్త్రి పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లో కొన్న బండి, ఇంజిన్ సామాను గురించే.)

ప్రశ్న: మేస్త్రి గారూ, నాది 150 సీసీ బండి. పదేళ్లు దాటింది. నీలం పొగ కక్కుతోంది, ఆయిల్ తాగేస్తోంది. బ్లాకు (పిస్టన్ ఆడే సిలిండర్), పిస్టన్ మార్చాల్సిందే అన్నాడు మెకానిక్. షోరూమ్ ధరలో సగానికే ఆన్‌లైన్‌లో కిట్ దొరికితే తెప్పించాను. ‘జెన్యూన్’ అని రాసుంది, హోలోగ్రామ్ కూడా ఉంది. బిగించకముందే అసలో నకిలీనో తేల్చుకునే దారి ఉందా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ఉంది బాబూ. బిగించాక అడిగేవాళ్లే ఎక్కువ, మీరు ముందే అడిగారు, సంతోషం.

మీరు ఒక్కటే అడిగాననుకుంటున్నారు గానీ ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఇది ఆ కంపెనీ సరుకేనా అన్నది ఒకటి. నా ఇంజిన్లో నిలబడుతుందా అన్నది రెండోది. బండి కంపెనీలు పిస్టన్లు, వాటి చుట్టూ తొడిగే రింగులు చాలావరకు బయట చేయించుకుంటాయి. గోట్జే, శ్రీరామ్ పిస్టన్స్ లాంటి తయారీదార్లు బండి కంపెనీలకూ ఇస్తారు, తమ సొంత పేరుతో బజారుకూ పంపుతారు. అలా సొంత డబ్బాలో వచ్చింది నకిలీ కాదు, ధరా తక్కువే. బండి కంపెనీ పేరు పెట్టుకుని సగం ధరకు వచ్చిందే నాకు అనుమానం. ఆ డబ్బాను ఆ ధరకు ఇవ్వడం ఎవరికీ గిట్టదు, మూలన పడున్న పాత స్టాకైతే తప్ప. పాత స్టాకైతే మన సముద్రపు గాలికి రింగులకు తుప్పు చుక్కలు పడ్డాయేమో చూసుకోవాలి. ఒక్క చుక్క ఉన్నా నేను వెనక్కి పంపేస్తాను.

హోలోగ్రామ్ చూసి నేను ఏదీ నమ్మను. స్టిక్కర్లు ఎవరైనా వేయించుకోవచ్చు. అసలు డబ్బాలే ఖాళీవి కొనుక్కుపోయి అందులో నాసిరకం సరుకు పెట్టి అమ్మేవాళ్లున్నారు. అందుకే మా షాపులో ఏ డబ్బా అయినా నిలువునా చింపాకే చెత్తలోకి పోతుంది. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. కానీ తెరుచుకున్న సైటు కంపెనీదేనా అని చిరునామా అక్షరం అక్షరం చదవండి. నకిలీ కోడ్ నకిలీ సైటుకే తీసుకెళ్లి ‘ఒరిజినల్’ అని పచ్చ టిక్కు చూపిస్తుంది.

లేబుల్ మాత్రం ఓపిగ్గా చదవాలి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండి తీరాలి. పార్టు నంబరును మీ మోడల్ ఏడాదికి కంపెనీ కేటలాగ్‌లో ఉన్న నంబరుతో సరిచూడండి. కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో, దాని పైన ‘సూటబుల్ ఫర్’ (ఫలానా బండికి సరిపోతుంది) అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటే అది ఆ కంపెనీది కాదు.

ఇక సరుకు దగ్గరికొద్దాం. పిస్టన్ తల మీద సైజు గుర్తు ఉంటుంది. బ్లాకుతో కలిపి వచ్చిన కిట్ కాబట్టి స్టాండర్డ్ ఉండాలి. 0.25, 0.50 లాంటి అంకె కనిపిస్తే అది బోరింగ్ చేసిన బ్లాకులకు వేసే ఓవర్‌సైజు పిస్టన్, మీ కిట్‌లో దానికి పనిలేదు. పిస్టన్‌ను తిరగేసి లోపలి వైపు వేలితో తడమండి. పోత తాలూకు అంచులు గీరుకుంటుంటే వాడు ఎక్కడో డబ్బులు మిగిల్చాడన్నమాట. పిస్టన్‌లో అడ్డంగా దూరే పిన్నుకు చుక్క ఆయిల్ రాసి బొటనవేలితో నెడితే మెత్తగా జారాలి, లొడలొడలాడకూడదు. పాత పిస్టన్, కొత్త పిస్టన్ రెండూ వంటింటి తూకం మీద పెట్టండి. బరువు బాగా తేడా వస్తే బండి వణుకుతుంది.

రింగుల దగ్గరే అసలు పరీక్ష. టాప్ రింగు ఒక్కదాన్నే బ్లాకులో దించి, పిస్టన్ తలతో సమంగా లోపలికి నెట్టండి. పిస్టన్ తీసేసి బ్లాకును ట్యూబులైటు వైపు పట్టి చూడండి. రింగుకీ గోడకీ మధ్య ఎక్కడా వెలుతురు సన్నగా కూడా రాకూడదు. వచ్చిందంటే రింగో, బ్లాకో గుండ్రంగా లేదు. తర్వాత రింగు రెండు కొసల మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) దూర్చండి. ఈ సైజు బండికి 0.10 నుంచి 0.30 మిల్లీమీటర్ల లోపు రావడం మామూలు. మీ సర్వీసు మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే లెక్క. 0.50 రేకు హాయిగా దూరిందా, అది కొత్త రింగు రూపంలో ఉన్న పాత రింగు. అసలు సందే లేకపోతే మరీ ప్రమాదం. వేడికి రింగు సాగి, కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుని బ్లాకును గీసేస్తాయి. రింగు మీద కొస పక్కన చిన్న అక్షరం ఉంటుంది, బిగించేటప్పుడు అది పైకి ఉండాలి.

బ్లాకు లోపల అడ్డంగా ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలు కనిపించాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. ఇనుప బ్లాకు అద్దంలా మెరిసిపోతుంటే ఆ గీతలు పెట్టే హోనింగ్ పని ఎగ్గొట్టారన్నమాట. పిస్టన్‌కూ బ్లాకుకూ మధ్య సందు మాత్రం మిల్లీమీటర్‌లో వందో వంతుల లెక్క, ఇంట్లో తేలదు. మైక్రోమీటర్, బోర్ గేజి లాంటి కొలత పనిముట్లు ఉన్న ఏ బోరింగ్ షాపుకైనా పట్టుకెళ్లండి. మళ్లీ ఇంజిన్ విప్పించే కూలీ ముందు ఆ కొలత ఖర్చు ఏపాటిది!

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది ఫైబర్ తెప్ప, డీజిల్ ఇంజిన్. నల్ల పొగ వస్తోందని నాన్న కొత్త నాజిల్ ఆన్‌లైన్‌లో తెప్పించారు. డబ్బా మీద పేరు కూడా సరిగా లేదు. వెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, పెదజాలారిపేట

జవాబు: డబ్బాను పక్కన పెట్టు తమ్ముడూ, నాజిలే చెబుతుంది. ఇంజిన్లోకి డీజిల్ చిమ్మేది అదే. అందులో సూది, బాడీ రెండూ జతగా అరగదీసినవి. ఒకదాని సూది ఇంకోదాంట్లో వెయ్యకూడదు. రెంటినీ శుభ్రమైన డీజిల్లో కడిగి, సూదిని మూడో వంతు పైకి లాగి, బాడీని ఏటవాలుగా పట్టుకుని వదిలెయ్. తన బరువుకు తానే నిదానంగా జారి అడుగున కూర్చోవాలి. మధ్యలో ఆగితే చెత్త ఉందేమో మళ్లీ కడిగి చూడు. మళ్లీ ఆగినా, రాయి పడ్డట్టు దభీమని పడిపోయినా ఆ జత పనికిరాదు. సూదిని వట్టి వేళ్లతో పట్టుకోకు, చేతి చెమట, ఉప్పు చాలు మరక పడడానికి.

ఇది నెగ్గినా సరే, డీజిల్ పంపులు బాగుచేసే షాపులో నాజిల్ టెస్టర్ మీద పెట్టించు. ఇంజిన్ పుస్తకంలో రాసిన ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలి, డీజిల్ మంచులా పడాలి, ఆగాక కొసన చుక్క వేలాడకూడదు. ఆ ధార దగ్గరికి చెయ్యి మాత్రం పోనివ్వకు, చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, ఇవన్నీ అప్పుడే తేల్చుకోండి. తీసిన నాజిల్ బాగుంటే కడిగి, నూనె రాసి తెప్పలోనే ఉంచమని నాన్నకు చెప్పు.

ప్రశ్న: నా స్కూటీకి ఆన్‌లైన్‌లో రెండు స్పార్క్ ప్లగ్గులు కొన్నాను. అసలువో కావో ఎలా తెలుస్తుంది?
– ఒక సోదరి, ఎంవీపీ కాలనీ

జవాబు: పాత ప్లగ్గు మీది కోడ్, కొత్తదాని మీది కోడ్ ఒకటే ఉండాలమ్మా, అది మొదటిది. ఉదాహరణకు ఎన్‌జీకే వాళ్ల సీపీఆర్8ఈఏ-9లో ‘ఆర్’ అంటే లోపల రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే ముక్క) ఉందని, 8 అంటే వేడి తట్టుకునే తరగతి, చివరి 9 అంటే కొసల మధ్య 0.9 మిల్లీమీటర్ల సందు. ‘ఆర్’ ఉన్న ప్లగ్గుకు పై కొస నుంచి నడిమి కొసకు మల్టీమీటర్ పెడితే 5 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల చూపించాలి. సున్నా చూపిస్తే రెసిస్టర్ పెట్టకుండానే ‘ఆర్’ ముద్ర కొట్టారు. మీటర్ లేకపోతే కాలనీలో ఏ ఎలక్ట్రీషియన్నైనా అడగండి, నిమిషం పని. నడిమి కొస పక్కకు ఒరిగినట్టు కనిపిస్తే ఇక మీటర్ కూడా అక్కర్లేదు, వెనక్కి ఇచ్చెయ్యండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న క్లచ్ ప్లేట్లు నకిలీవని తేలింది. ‘ప్యాక్ విప్పేశారు, వాపసు తీసుకోం’ అంటున్నాడు అమ్మినవాడు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: విప్పకుండా నకిలీ అని ఎలా తెలుస్తుందండీ! 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్నవి, నకిలీవి, ప్రకటనలో చెప్పినట్టు లేనివి వాపసు తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ముందు సైటు వాళ్లకు రాతపూర్వకంగా పెట్టండి. బిల్లు, డబ్బా ఫొటోలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం జత చేయండి. కదలకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అప్పటికీ కాకపోతే అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. తేలేదాకా ఆ ప్లేట్లు మాత్రం మెకానిక్ దగ్గర వదిలెయ్యకండి, ఇంటికి తెచ్చుకుని దాచండి.