టికెట్టు కొన్నావు, ఏరియా కొనలేదు

చిత్తూరు, ఆదివారం

నాయనా,

హాస్యం సినిమాల మీద, సీరియళ్ల మీద నువ్వు సమీక్షలు రాసి పంపిన పదకొండు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను, మొదటిసారి కళ్లద్దాలతో, రెండోసారి ఎర్ర పెన్నుతో. ముప్పై మూడేళ్లు బళ్లో తెలుగు పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరికే ఉండమంటే ఉండదు. వాక్యం నడుస్తోంది, ఒత్తులు చోటు తప్పలేదు, ఈ రోజుల్లో అదే పెద్ద సంగతి. మెచ్చుకోవడం అయిపోయింది.

నాలుగో పేజీలో ఒక ముక్క రాశావు చూడు, "కామెడీ వర్కవుట్ అయింది కాబట్టి సీడెడ్‌లో లాంగ్ రన్ గ్యారంటీ" అని. అక్కడ నా పెన్ను కాగితాన్ని చించినంత పని చేసింది. తిరుపతి బైరాగిపట్టెడలో కూర్చుని, లీలామహల్ సర్కిల్లో టీ తాగే పిల్లాడివి, నీ ఊరిని నువ్వే సీడెడ్ అంటావా? 1800లో నిజాం కడప, బళ్లారి సీమలను కుంఫిణీ వాళ్లకు రాసిచ్చేశాడు, ఇచ్చేసిన జిల్లాలు కాబట్టి తెల్లవాడు ఆ పేరు పెట్టాడు. ఆ పేరు నచ్చకనే 1928లో మనవాళ్లు నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు. సినిమా బయ్యర్ల లెక్కల పుస్తకంలో మాత్రం ఇంకా పాత పేరే. పైగా ఇందులో ఒక తమాషా ఉంది. నీ తిరుపతి ఉన్న చంద్రగిరి తాలూకా గానీ, మా చిత్తూరు గానీ నిజాం ఇచ్చిన దాంట్లో లేనే లేవు, మనది ఆర్కాటు వైపు. 1911లో జిల్లా చేసినప్పుడు కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు వచ్చి మనతో కలిశాయి. అంటే నిన్ను ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు, నువ్వే పోయి ఇచ్చేసుకున్నావు.

నా కోపం ఆ ఒక్క మాట మీద కాదు. వర్కవుట్ అయింది, ల్యాగ్ ఉంది, సెకండాఫ్ డల్, బీ సీ సెంటర్లకు ఎక్కుతుంది, ఫ్యామిలీ ఆడియన్స్ పుల్ చేస్తారు. లెక్కపెట్టాను, పదకొండు పేజీల్లో ఇట్లాంటివి నలభై ఒకటి. ఇవి డబ్బు పెట్టినవాళ్ల మాటలు నాయనా. వాళ్లు వడ్డీకి తెచ్చి, ఒక ప్రాంతంలో సినిమా ఆడించుకునే ఏరియా హక్కులు కొన్నారు, శుక్రవారం మ్యాట్నీకి హాల్లో ఎన్ని తలకాయలున్నాయో చూసుకోకపోతే వాళ్లకు నిద్ర పట్టదు, వాళ్లకు ఆ భాష అవసరం. నువ్వు కొన్నది ఒక టికెట్టు, మహా అయితే ఇంటర్వెల్లో ఒక సమోసా. నీకెందుకు వాళ్ల టెన్షన్? సినిమా ఆడుతుందా లేదా అని నేను నిన్ను అడగలేదు, నువ్వు ఎక్కడ నవ్వావు అని అడుగుతున్నాను. దానికి నీ పేజీల్లో జవాబు లేదు.

రెండో జబ్బు కథ చెప్పడం. 1984లో జంధ్యాల తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ' చూశావో లేదో, అందులో శ్రీలక్ష్మికి సినిమా పిచ్చి, చూసొచ్చిన ప్రతి సినిమానూ మొగుడికి పేర్లు పడే దగ్గర్నుంచీ మొదలుపెట్టి వినిపిస్తుంది. పాపం ఆ మొగుడు నూతన్ ప్రసాద్ ముఖం చూడాలి. నీ రెండో పేజీ చదివేటప్పుడు నా ముఖం అట్లాగే ఉండింది.

కథ చెబితే హాస్యం చచ్చిపోతుంది, ఇది నేను బళ్లో తెలుసుకున్నాను. చిత్తూరోళ్లం కదా, మేం సగం నవ్వడం అరవంలో నేర్చుకున్నాం. మిద్దె మీద యాంటెన్నా మద్రాసు వైపు తిప్పి పెట్టుకున్న కాలం అది. 1989లో వచ్చిన 'కరగాట్టక్కారన్'లో అరటిపళ్ల గొడవ ఉంటుంది. గౌండమణి డబ్బులిచ్చి రెండు పళ్లు తెమ్మంటాడు, సెంథిల్ ఒకటి మింగేసి ఒకటి తెచ్చిస్తాడు. రెండోదేదిరా అంటే, అదేగదన్నా ఇది అంటాడు. అంతే. ఇప్పుడు నేను చెప్పింది చదివి నువ్వు నవ్వావా? నవ్వలేదు. తొమ్మిదో తరగతిలో ఒకరోజు ఇదే చెప్పాను, ఒక్కడూ నవ్వలేదు. మరుసటి రోజు ఇద్దరు పిల్లల్ని లేపి చేసి చూపించమన్నాను. అడిగేవాడి గొంతు ప్రతిసారీ ఒక మెట్టు పైకెక్కాలి, చెప్పేవాడి ముఖం మాత్రం కడిగిపెట్టిన పళ్లెంలా అట్లాగే ఉండాలి, అది కదిలిందా గోవిందా. అరవం ముక్క రాని పిల్లలు కూడా బెంచీలు గుద్దారు, పక్క క్లాసు నుంచి లెక్కల సారు వచ్చి తలుపు దగ్గర నిలబడి తనూ నవ్వాడు. మన పని ఆ మెట్లు లెక్కపెట్టడం, ఆ కదలని ముఖాన్ని చూపించడం. "గౌండమణి సెంథిల్ కామెడీ హైలైట్" అని రాస్తే నువ్వు హాల్లో లేనట్టే.

నరేష్ గురించి రాశావు, 'సామజవరగమన'లో టైమింగ్ అదుర్స్ అని. టైమింగ్ అంటే ఏమిటో ఒక్క వాక్యం రాయలేదు. ఇందాక చెప్పిన 1984 సినిమాలో హీరో ఆయనే. తర్వాత టీవీలో 'అమృతం' అనే కామెడీ సీరియల్లో కొన్నాళ్లు అమృతం వేషం వేశాడు. 2023లో ఆస్తి కోసం డిగ్రీ పాసవ్వాల్సిన తండ్రిగా వచ్చాడు. దాదాపు నలభై ఏళ్లు, అదే మనిషి. కుర్రాడిగా ఉన్నప్పుడు తొందరపడితే నవ్వొచ్చేది, ఇప్పుడు తాపీగా కూర్చుంటే నవ్వొస్తోంది. నాకైతే ఆ తండ్రిని చూడగానే దూరవిద్య పరీక్షలకు ఇన్విజిలేషన్ చేసిన రోజులు గుర్తొచ్చాయి. యాభై దాటిన ఒకాయన కూతురి పెన్సిల్ బాక్సు తెచ్చుకున్నాడు, గులాబీ రంగుది, దాన్ని ఎవరూ చూడకుండా హాల్ టికెట్టు కింద దాచిపెట్టి రాస్తున్నాడు. ఆయన తలెత్తి నన్ను చూసిన చూపు ఆ సినిమాలో ఉంది. నీకట్లాంటి మనిషి ఒకడు ఎక్కడో తగిలే ఉంటాడు, గుర్తు తెచ్చుకోకుండా అదుర్స్ అని తప్పించుకున్నావు.

రేటింగుల జోలికి పోకూడదనుకున్నాను గానీ ఆగలేకపోతున్నాను. 2.75 ఏంది నాయనా? ఆ పావు ఎక్కడ తగ్గింది? నేను ఒక పిల్లాడికి పావు మార్కు తగ్గిస్తే పక్కన కారణం రాసేదాన్ని, రాయకపోతే వాళ్ల నాయన బడికొచ్చి అడిగేవాడు. నిర్మాత వచ్చి అడిగితే ఏం చెప్తావు? కట్టమంచి రామలింగారెడ్డి గారిది మా చిత్తూరే, ఆ కట్టమంచి ఇక్కడే ఉంది. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వేసి, పింగళి సూరన కావ్యాల్లో ఏది ఎందుకు బాగుందో, ఎక్కడ బెసికిందో విప్పి చెప్పాడు, పండితులు భగ్గుమన్నారు. కళాపూర్ణోదయానికి ఎన్ని చుక్కలు అని ఆయన్ని ఎవరూ అడగలేదు.

నాకు ఈ చుక్కల మీద కోపం ఎందుకో చెప్పాలంటే 1986కు పోవాలి. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు. వారపత్రికలకు కథలు, సినిమా వ్యాసాలు పంపడం, తిరుగు టపాలో వాటిని అందుకోవడం, పోస్ట్‌మ్యాన్ జాలిగా నవ్వడం, ఇదీ నా సాహిత్య జీవితం. ఆ ఏడు 'చంటబ్బాయ్' వచ్చింది. అందులో మళ్లీ శ్రీలక్ష్మే, రచయిత్రిని అవుదామని పత్రిక ఆఫీసుకు పోయి తన కవిత్వంతో ఎడిటర్ ప్రాణం తీస్తుంది. హాలు హాలంతా పడీ పడీ నవ్వుతోంది. నా ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, అందులో ఆ రోజే తిరిగొచ్చిన కవరు, దాని మీద నా చేతిరాతతో నా చిరునామానే. లేడీస్ వరుసలో పక్కనున్న ఆవిడ నా భుజం మీద పడి నవ్వుతుంటే నేను బిగదీసుకుని కూర్చున్నాను. ఆ ఎడిటర్‌ను చూసి కాదు, ఆమె కాగితం తీసే తీరు చూసి. నేనూ అట్లాగే తీస్తాను, మడత విప్పి ఒకసారి చేత్తో సాపు చేసి. అది తట్టగానే ఎవరో చక్కిలిగిలి పెట్టినట్టు నవ్వడం మొదలుపెట్టాను, అప్పటికి తెర మీద సీను మారిపోయింది, ఏదో సీరియస్ సంగతి నడుస్తోంది, నేనొక్కదాన్నే నవ్వుతున్నాను. పక్కావిడ జరిగి కూర్చుంది.

ఇంటికొచ్చి ఇది ఉన్నదున్నట్టు రాసి ఒక వారపత్రికకు పంపాను. వేశారు! రెండు నెలల తర్వాత. కవరు లేదు, పక్కావిడ లేదు, కాగితం సాపు చేయడం లేదు. దాని బదులు "హాస్యం చక్కగా పండింది" అని నేను జన్మలో రాయని వాక్యం ఒకటి, కింద నా పేరు ముందు శ్రీమతి, పేరు వెనక మా ఆయన పేరు. అడుగుదామని కార్డు రాస్తే ఆ ఎడిటర్ గారు జవాబిచ్చారు, "సినిమా గురించి రాయమంటే సినిమా హాలు గురించి రాశారు" అని. ఆ కార్డు ఇంకా ఉంది నా దగ్గర. ఇన్నేళ్లయినా ఆయన అన్నది తప్పని నిరూపించడానికే రాస్తున్నానేమో అనిపిస్తుంది ఒక్కోసారి. మొన్నామధ్య ఇంకొకాయన ఫోన్ చేశాడు, ఏదో వెబ్‌సైటట, "మేడమ్, ఇంటర్వెల్‌కే సగం పంపేయండి, రేటింగ్ మేం వేసుకుంటాం" అన్నాడు. కాలం మారింది, వాళ్లు మారలేదు, తొందర మాత్రం పెరిగింది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం తొమ్మిదో పేజీ చివర ఉంది. నువ్వు దాన్ని బ్రాకెట్లో పెట్టావు. "మా అవ్వ ఫోన్‌లో అమృతం చూస్తుంటే అప్పాజీ తలుపు దగ్గరికి రాగానే, నోరు తెరవకముందే నవ్వేసింది. ఏమవ్వా అంటే, కొర్లగుంటలో మన ఇంటి ఓనరు గూడా ఇట్నే వచ్చేవాడు అనింది." పెన్ను కింద పెట్టేశాను నాయనా. పదకొండు పేజీల్లో ఇదొక్కటే నీది, ఇంకెవరూ రాయలేనిది, దానికి కంచె వేసి మూలకు తోశావు. దాని పైనేమో పేజీ నిండా ఏం రాశావు? గుణ్ణం గంగరాజు, జెమినీ టీవీ, 2001 నుంచి 2007, 313 ఎపిసోడ్లు, లీడ్ యాక్టర్ రెండుసార్లు మారడం మైనస్. మైనస్ ఎట్లా అవుతుంది? శివాజీరాజా పోయి నరేష్ వచ్చాడు, నరేష్ పోయి హర్షవర్ధన్ వచ్చాడు, జనం చూస్తూనే ఉన్నారు, ఎందుకని ఆలోచించావా? పక్కన ఆంజనేలుగా గుండు హనుమంతరావు కదల్లేదు, పైన అప్పాజీగా శివన్నారాయణ కదల్లేదు. అద్దెకున్నవాడు ఎవడైతే ఏం, స్నేహితుడూ ఓనరూ మారకపోతే ఇల్లు అదే.

తిరుపతిలో సగం మంది బతుకు అద్దె ఇళ్లలోదే కదా, కొండ మీద ఉద్యోగాలు, యూనివర్సిటీ చదువులు, కోచింగులు. మాకూ ఉండేవాడు ఒక ఓనరు, చిత్తూరు మిట్టూరులో. ఐదో తారీఖు పొద్దున్నే వచ్చేవాడు. అద్దె మాట ఎత్తేవాడు కాదు. పెరట్లోకి పోయి, కారని కుళాయిని కూడా ఇంకో చుట్టు బిగించి, మమ్మల్ని ఒకసారి చూసి పోయేవాడు. మధ్యాహ్నానికి మా ఆయన డబ్బు తీసుకుపోయి ఇచ్చి వచ్చేవాడు. అప్పుడు భయం, ఇప్పుడు తలచుకుంటే నవ్వు. మీ అవ్వ నవ్వులో ఆ రెండూ ఉన్నాయి. అప్పాజీ డైలాగు చెప్పకముందే ఆమె నవ్విందంటే జోకు తెర మీద లేదు, కొర్లగుంటలో ఉంది. నువ్వు పోవాల్సింది అక్కడికి.

2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన 'నైంటీస్' వెబ్ సిరీస్‌కు కూడా ఇదే మందు. శివాజీ చేసిన ఆ లెక్కల మాస్టరు లాంటి వాళ్లతో నేను ముప్పై ఏళ్లు స్టాఫ్ రూములో టీ తాగాను, దాని గురించి నాకు చాలా ఉంది చెప్పడానికి, ఇప్పుడు వద్దు. నువ్వు "నోస్టాల్జియా ఫ్యాక్టర్" అని రెండు మాటల్లో ముగించావు, నువ్వు పుట్టిన ఏడు చూస్తే నీకు ఆ దశాబ్దం జ్ఞాపకం ఉండే అవకాశమే లేదు. లేని జ్ఞాపకానికి ఎందుకు నవ్వొచ్చిందో రాస్తే అది కొత్త సంగతి అయ్యేది.

యాసలో రాయొచ్చా అని అడిగావు. 2021 డిసెంబరులో 'పుష్ప' వచ్చినప్పటి నుంచి మన మాటకు గిరాకీ పెరిగింది, అందరూ ఏమప్పా అంటున్నారు, అనకూడని చోట కూడా. నువ్వు ఇంట్లో ఎట్లా మాట్లాడతావో అట్లా వచ్చినప్పుడు రానీ, తెచ్చిపెట్టుకోవద్దు. మీ అవ్వ "అనింది" అంటే "అన్నది" అని దిద్దొద్దు, నేను కూడా దిద్దలేదు చూడు. ప్రెస్ షో పాసులు ఎవరిస్తారు, ఛానల్ పెట్టాలా, మైకు ఏది మంచిది, కలం పేరుకు ముందు అక్షరం ఏది కలిసొస్తుంది, వీటిని ఇంకెవరినైనా అడుగు.

తొమ్మిదో పేజీ ఒక్కటే మళ్లీ రాసి పంపు. అవ్వను కూర్చోబెట్టి అడుగు, ఆ ఓనరు ఏ వేళకు వచ్చేవాడు, చెప్పులు గడప బయట విడిచేవాడా లేదా, అవ్వ అప్పుడు ఏం చేస్తూ ఉండేది, తాతను లోపల దాచి లేడని చెప్పిన రోజులున్నాయా. ఆ ఎపిసోడ్ మళ్లీ పెట్టి, ఈసారి ఫోన్ వైపు చూడకుండా ఆమె వైపు చూడు. సినిమా పేర్లు తర్వాత చూసుకుందాం.

మిగతా పది పేజీలు తిరుగు టపాలో పంపడం లేదు. వెనకవైపు తెల్లగా ఉన్నాయి, పాల లెక్క రాసుకుంటున్నాను.

మీ టీచరమ్మ